క్యారేజీలో పెద్ద గిన్నె

నా స్టీలు క్యారేజీకి మూడు గిన్నెలు. అడుగున పెద్దది అన్నానికి, దాని మీద చిన్నది కూరకి, పైన ఇంకా చిన్నది పెరుగుకి. ఉద్యోగంలో చేరి 19 ఏళ్ళయింది. అన్నేళ్ళూ ఆ వరస మారలేదు, మార్చాలని నాకు తోచనూ లేదు. ఈ ఏడు నెలల్లో 9 కేజీలు తగ్గాను కాబట్టి కనిపించినవాళ్ళంతా ఏం మానేశావని అడుగుతున్నారు. మానేసినవాటి గురించి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. ఆ గిన్నెల వరస మారడానికి మాత్రం నాకు చాలా రోజులు పట్టింది. ఆ సంగతే వివరంగా రాయాలని కూర్చున్నాను.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. ఎటు చూసినా వరి చేలు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు. హైస్కూల్లో బయాలజీ చెప్తాను. వయసు 44, ఎత్తు 158 సెంటీమీటర్లు. 2025 మార్చిలో నా బరువు 78.4 కేజీలు, నడుం చుట్టుకొలత 98 సెంటీమీటర్లు. బీపీకి రోజూ ఒక మాత్ర. అప్పుడు చేయించిన రక్త పరీక్షలో పరగడుపు షుగర్ 112, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1, రక్తంలో ఒక రకం కొవ్వైన ట్రైగ్లిజరైడ్లు 238 వచ్చాయి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ జబ్బుకి గుమ్మంలో ఉన్నట్టే. ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే బీఎమ్‌ఐ మనవాళ్ళకి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. నాది 31. మా నాన్నగారికి షుగర్, మావారికి షుగర్. ఆ కాగితం పట్టుకుని ఆ రాత్రి చాలాసేపు నిద్రపోలేదు.

మర్నాడే అన్నం మానేశాను. ఎవరినీ అడగలేదు. అన్నంతో పాటు చపాతీ, ఇడ్లీ, దోసె అన్నీ ఆపేశాను. కొవ్వంటే ముందు నుంచీ భయం కాబట్టి నూనె, గుడ్డులో పచ్చసొన కూడా దూరం పెట్టాను. బీపీ ఉంది కదా అని ఉప్పు తగ్గించాను. ఇక పళ్ళెంలో మిగిలినవి కీరా ముక్కలు, ఉడకబెట్టిన క్యాబేజీ, పల్చటి మజ్జిగ.

రెండో రోజుకి తలనొప్పి మొదలైంది. మూడో రోజు రాత్రి పిక్క పట్టేసి నిద్రలోంచి లేచి కూర్చున్నాను. అవి ఒంటిపూట బడుల రోజులు, ఎండలు అప్పటికే మండుతున్నాయి. నాలుగో రోజు తొమ్మిదో తరగతిలో బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క కింద పడింది. వంగి తీసుకుని లేచేసరికి కళ్ళు చీకట్లు కమ్మాయి. బల్ల పట్టుకుని నిలబడ్డాను. ముందు బెంచీలో పిల్ల తన నీళ్ళ సీసా మూత తీసి చేతికిచ్చింది. ఇంటికొచ్చి పెద్ద పళ్ళెం నిండా పెరుగన్నం కలుపుకుని తినేశాను.

ఆ నాలుగు రోజుల్లో 1.9 కేజీలు తగ్గాను. తర్వాత రెండు రోజులు మామూలుగా తిన్నానో లేదో, 1.7 కేజీలు తిరిగొచ్చేశాయి. చీకట్లు కమ్మినదానికంటే ఈ అంకె నన్ను ఎక్కువ కుంగదీసింది. నా ఒంటి తత్వమే ఇంత, నాకిక తగ్గే రాత లేదనుకున్నాను.

భీమవరంలో మేం చూపించుకునే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. “పోయిందీ కొవ్వు కాదు, వచ్చిందీ కొవ్వు కాదమ్మా. అందులో ఎక్కువ భాగం నీళ్ళు,” అన్నారు. మనం తిన్న పిండిపదార్థంలో కొంత గ్లైకోజెన్‌గా మారి కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉంటుంది. ఇది నేను పిల్లలకి చెప్పే పాఠమే. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాల్లో 400 గ్రాముల దాకా. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు సుమారు 3 గ్రాముల నీళ్ళు పట్టుకుని ఉంటుందన్న సంగతిని మాత్రం నా బరువుకి ఎప్పుడూ అన్వయించుకోలేదు. అన్నం ఆపగానే ఆ నిల్వ ఖర్చవుతుంది, నీళ్ళు బయటికి పోతాయి. పైగా పిండిపదార్థం తగ్గితే ఇన్సులిన్ తగ్గుతుంది, అప్పుడు కిడ్నీలు ఉప్పుని ఎక్కువగా వదిలేస్తాయి. నేను చూస్తే ఉప్పు తగ్గించి, ఎండలో తిరిగి, బీపీ మాత్ర కూడా వేసుకున్నాను. తలనొప్పి, పిక్కలు పట్టేయడం, కళ్ళు తిరగడం అన్నీ అక్కడి నుంచి వచ్చినవే.

అన్నీ చెప్పాక ఆవిడ ఒక్క ప్రశ్న వేశారు. “అన్నం తీసేశారు సరే, దాని జాగాలో ఏం పెట్టారు?”

నా దగ్గర జవాబు లేదు. ఏమీ పెట్టలేదు మరి.

ఎంత తగ్గించాలన్న దాని మీద కూడా నాకు స్పష్టత లేదు. రోజుకి 130 గ్రాముల లోపు పిండిపదార్థం తింటే తక్కువ కార్బ్ ఆహారం కిందికి వస్తుందని, 50 గ్రాముల లోపుకి దింపితే దాన్ని కీటో అంటారని ఆవిడ చెప్పారు. మా జిల్లాల్లో కీటో అనే మాట తెలియనివాళ్ళకి కూడా వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ తెలుసు. 2018 ప్రాంతంలో మా స్టాఫ్ రూములో ముగ్గురు అది చేశారు. రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, మల్టీ విటమిన్ మాత్రలు అంటూ కొబ్బరి నూనె సీసాలు బడికే తెచ్చుకునేవారు. వాళ్ళు తగ్గడం నా కళ్ళతో చూశాను. అదే చేయమంటారా అని డాక్టరమ్మని అడిగాను. “మీకంత దూరం అక్కర్లేదు. బీపీ మాత్ర వేసుకుంటున్నారు, ఇంట్లో అందరికీ వంట చేసి ఉద్యోగానికి వెళ్తున్నారు. 100 గ్రాముల దగ్గర ఏళ్ళ తరబడి ఉండగలిగితే చాలు,” అన్నారు. వారానికి రెండుసార్లు ఇంట్లో బీపీ చూసి రాసుకోమన్నారు. పై అంకె 110 కంటే తగ్గుతుంటే తన దగ్గరికి రావాలి, మాత్ర డోసు తను మారుస్తారు, నా అంతట నేను ఆపకూడదు అని గట్టిగా చెప్పారు. (ఆగస్టులో నిజంగానే అలా తగ్గింది, డోసు సగం చేశారు.)

మావారు కూడా నాతో మొదలుపెడతానన్నారు. ఆయన వేసుకునే మాత్రల చీటీ చూసి డాక్టరమ్మ ఒప్పుకోలేదు. అందులో గ్లిమెపిరైడ్, డాపాగ్లిఫ్లోజిన్ రెండూ ఉన్నాయి. మొదటిది మనం తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని రక్తంలోకి నెడుతుంది. అన్నం తగ్గించి అదే డోసు వేసుకుంటే షుగర్ పడిపోయి ప్రమాదం. రెండోది వేసుకుంటూ పిండిపదార్థం బాగా తగ్గిస్తే కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్లు రక్తంలో ప్రమాదకరంగా పెరగొచ్చు, షుగర్ మీటర్లో అంకె మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి ఆ సంగతి తెలియకుండా పోతుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా సొంతంగా మొదలుపెట్టకూడదన్నారు. మావారి మాత్రలు మార్చి ఆయన్ని నెమ్మదిగా దించడానికి రెండు నెలలు పట్టింది. ఒకే వంట తినే ఇంట్లో కూడా ఇద్దరూ ఒకే రోజు, ఒకేలా మొదలుపెట్టకూడదని ఇది చదివేవాళ్ళు దయచేసి గుర్తుపెట్టుకోండి.

జూన్‌లో బళ్ళు తెరిచే ముందు ఆదివారం, వంటింట్లో చిన్న తూకం పెట్టుకుని నేను మామూలుగా తినే రోజంతా తూచాను. క్యారేజీ పెద్ద గిన్నెలో పట్టే అన్నం 420 గ్రాములు. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. అంటే మధ్యాహ్నం అన్నంలోనే దాదాపు 118 గ్రాములు. పొద్దున నాలుగు ఇడ్లీలు, ఒక్కోదానికి 10, 12 గ్రాములు. మూడు కాఫీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల పంచదార. సాయంత్రం బడి నుంచి రాగానే బిస్కెట్లు, ఒక అరటిపండు. రాత్రి మూడు చపాతీలు, అందులోకి బంగాళదుంప కూర. అన్నీ కలిపితే 350 దాటింది. గ్రాముకి 4 కేలరీల చొప్పున 1,400 కేలరీలు ఒక్క పిండిపదార్థం నుంచే. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి షుగర్ జబ్బు మీద దేశమంతటా చేసిన ఐసీఎంఆర్–ఇండియాబ్ సర్వే ఫలితాలు చదివాను. మన దేశంలో సగటు మనిషి తినే కేలరీల్లో 62 శాతం దాకా పిండిపదార్థాల నుంచే వస్తున్నాయట. నా పళ్ళెం ఆ లెక్కకి సరిగ్గా సరిపోయింది.

నన్ను ఆశ్చర్యపరిచింది చపాతీ. బరువు తగ్గాలని రెండేళ్ళుగా రాత్రిపూట అన్నం మాని చపాతీ తింటున్నాను. మూడు చపాతీలకి పట్టే పిండి తూస్తే 120 గ్రాములు. అందులో 80 గ్రాముల పిండిపదార్థం. ఆ రెండేళ్ళూ నేను మార్చింది రంగు, రుచి. పరిమాణం అలాగే ఉంది.

దీన్ని నాకంటే బాగా మా ఆరో తరగతి పిల్లలు చూపించారు. ఆహారంలో ఉండే పోషకాల పాఠంలో అయోడిన్ పరీక్ష ఉంటుంది. స్టీలు పళ్ళెంలో అన్నం మెతుకులు, చపాతీ ముక్క, ఇడ్లీ ముక్క, ఉడికిన బంగాళదుంప, కొర్రన్నం, బీరకాయ ముక్క, ఉడికిన గుడ్డు తెల్లసొన వరసగా పెట్టి ఒక్కోదాని మీద రెండేసి చుక్కలు వేయించాను. అన్నం నల్లటి నీలం రంగుకి తిరిగింది. చపాతీ కూడా అంతే. ఇడ్లీ, బంగాళదుంప, కొర్రలు, అన్నీ అదే నలుపు. బీరకాయ మీద, గుడ్డు మీద మాత్రం అయోడిన్ తన గోధుమరంగులోనే నిలిచింది. “టీచర్, కొర్రలు కూడానా? మా తాతకి షుగరని అవే తింటున్నాడు,” అన్నాడొక పిల్లాడు. కొర్రల్లో పీచు ఎక్కువ, అందుకని షుగర్ కాస్త నెమ్మదిగా పెరుగుతుంది, అంతవరకు మేలే అని చెప్పాను. 100 గ్రాముల బియ్యంలో 78 గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటే కొర్రల్లోనూ 60 పైనే ఉంటుంది కాబట్టి తాతయ్య పళ్ళెం నిండా పెట్టుకోకూడదు అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు నేనే చెప్పుకుంటున్నట్టు అనిపించింది.

ఏది ముందు తగ్గించాలో డాక్టరమ్మ ఒక క్రమం చెప్పారు. మొదటి వారం కాఫీలో పంచదార, బిస్కెట్లు. రెండో వారం రాత్రి చపాతీ. మూడో వారం టిఫిను. మధ్యాహ్నం అన్నం జోలికి అన్నిటికంటే ఆఖర్న వెళ్ళమన్నారు. నాకు మొదట అర్థం కాలేదు, అన్నిటికంటే పెద్ద వాటా దానిదే కదా. చేశాక తెలిసింది. అన్నం దగ్గరికి వచ్చేసరికి ఆకలి అప్పటికే సగం అణిగింది. పంచదార లేని కాఫీ పది రోజులు చేదుగా ఉంది, పదకొండో రోజు నుంచి పాల తీపి తెలియడం మొదలైంది. టిఫిను కింద ఇడ్లీ బదులు 40 గ్రాముల పెసలతో రెండు చిన్న పెసరట్లు, అల్లం పచ్చడిలో బెల్లం లేకుండా. పెసల్లోనూ పిండిపదార్థం ఉంది, ఆ రెండు అట్లలో 22 గ్రాముల దాకా వస్తుంది. కానీ 9 గ్రాముల మాంసకృత్తులూ వస్తాయి, పక్కన ఒక గుడ్డు పెట్టుకుంటే ఒంటిగంట దాకా ఆకలి గుర్తురాదు. ఇడ్లీ తిన్న రోజుల్లో పదకొండుకే కడుపులో నకనకలాడేది.

నాలుగో వారం అసలు కష్టం మొదలైంది. మధ్యాహ్నం అన్నం 420 నుంచి 100 గ్రాములకి దించాను. ఖాళీ అయిన చోట కూర పెట్టుకున్నాను, రెండు గరిటెలకి బదులు ఒక గిన్నెడు. మొదటి రోజు వంకాయ కారం పెట్టి కూర. గిన్నె సగం తినేసరికి నోరు భగ్గుమంది, సాయంత్రానికి గుండెల్లో మంట. మర్నాడు దొండకాయ వేపుడు, ఉప్పుకి దాహం ఆగలేదు. మూడో రోజు చేపల పులుసు, ముక్కలు తినేశాక మిగిలిన పులుసు అన్నాన్ని పిలుస్తూ ఉంది.

అప్పుడు తెలిసింది. మన కూరలన్నీ అన్నం కోసం వండినవి. “ఇవాళ అన్నంలోకి ఏం చేశావు?” అనే కదా అడుగుతాం. అన్నం చప్పగా ఉంటుంది, ఎక్కువ ఉంటుంది. దాన్ని లాక్కుపోవాలంటే కూరలో ఉప్పు, కారం, పులుపు గాఢంగా ఉండాలి. ఒక గరిటెడు వేపుడు నాలుగు ముద్దలకి రుచి పంచాలి. అలాంటి కూరని అన్నం లేకుండా గిన్నెడు తినడం ఎవరి వల్లా కాదు. అన్నం మానేసి రెండు వారాల్లో మళ్ళీ మొదలుపెట్టిన వాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళకి పట్టుదల లేకపోవడం కాదు, వండే పద్ధతి మార్చుకోకుండా తినే పద్ధతి మార్చాలని చూశారు. నాకైతే ఈ ఒక్క సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

అక్కడి నుంచి వంట మార్చాను. అందరికీ ఒకే మూకుడు, కానీ ముక్కలు తాలింపులో మగ్గి సగం ఉప్పు, సగం కారం పడ్డాక నా వాటా ముందు తీసేస్తాను. మిగతాదానికి ఇంట్లోవాళ్ళకి తగ్గట్టు ఉప్పు, కారం పూర్తిచేస్తాను. నా వాటాలో కారం తగ్గిన చోట నువ్వులపొడో, పచ్చికొబ్బరో, చెంచాడు పెరుగో కలుపుతాను. పులుసు బదులు ఇగురు. ఆనపకాయ పాలు పోసి, పొట్లకాయ పెరుగుపచ్చడి, బీరకాయలో గుడ్డు కొట్టి పొరటు, గోంగూర రొయ్యలు. గోంగూర పులుపుని రొయ్యలు చాలావరకు లాగేసుకుంటాయి కాబట్టి అన్నం అవసరం అంతగా ఉండదు. మా ఊళ్ళో చేపలకి కరువు లేదు. కంద, చామదుంప, బంగాళదుంప, అరటికాయ మాత్రం ఇంట్లోవాళ్ళకే వండుతున్నాను. కాలీఫ్లవర్‌ని తురిమి అన్నంలా వండుకోవచ్చని ఎవరో చెబితే ఒకసారి చేశాను. అన్నం కానిదాన్ని అన్నం అనుకుని తినడం నాకు నచ్చలేదు. అదే కాలీఫ్లవర్‌ని వేపుడు చేసుకుంటే హాయిగా తిన్నాను.

నూనె, గుడ్డు, నెయ్యి అంటే ఉన్న భయం నెమ్మదిగా పోయింది. పిండిపదార్థం తగ్గించి కొవ్వు కూడా తగ్గిస్తే మిగిలేది పస్తే. మాంసకృత్తుల మీద ఎక్కువ దృష్టి పెట్టాను. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకి కేజీ బరువుకి 0.83 గ్రాములు. డాక్టరమ్మ నాకు రోజుకి 60 గ్రాములు చెప్పారు. రెండు గుడ్లు, 150 గ్రాముల చేప, పెసరట్టు, పెరుగు ఉంటే అది తేలిగ్గా వస్తుంది. శనివారాలు పనీరో, మీల్ మేకరో. మధ్యలో పది రోజులు మలబద్ధకం ఇబ్బంది పెట్టింది. ఆకుకూర రోజూ చేసి, నీళ్ళు పెంచి, మజ్జిగలో చెంచా అవిసెగింజల పొడి కలుపుకున్నాక సర్దుకుంది.

ఇంట్లో ఒప్పించడం అన్నిటికంటే సున్నితమైన పని. మా అత్తయ్యగారికి 72 ఏళ్ళు. ఇంటికొచ్చిన మనిషికి అన్నం పెట్టకుండా పంపని ఇల్లు మాది. కోడలే అన్నం తగ్గిస్తే ఆవిడకి ఎలా ఉంటుంది? “పొద్దుటనగా వెళ్ళి సాయంత్రం దాకా పిల్లలతో అరిచేదానివి, అన్నం తినకపోతే ఓపికెక్కడి నుంచి వస్తుందే?” అని రోజూ అనేవారు. నేను చూడకుండా నా గిన్నెలో ఇంకో గరిటె పెట్టేసేవారు. అది ప్రేమ అని నాకు తెలుసు, అందుకే వాదించలేదు. ఒక రోజు ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని మావారి షుగర్ మీటరుతో నా షుగర్ చూపించాను, అన్నం నిండుగా తిన్న రోజు రెండు గంటలకి 171, ఇప్పటి భోజనం తిన్న రోజు 122. ఆవిడ ఏమీ అనలేదు. కానీ ఆ తర్వాత గరిటె ఆగింది.

బరువు జులై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వారానికి 300 నుంచి 500 గ్రాముల చొప్పున తగ్గింది. కార్తీక మాసంలో ఆగిపోయింది. ఐదు వారాలు ఒక్క గ్రాము కదల్లేదు. చాలా టెన్షన్ పడ్డాను, మళ్ళీ మార్చి నెల గుర్తొచ్చింది. చేసేది లేక మళ్ళీ తూకం తీశాను. కార్తీకంలో గుడ్లు, చేపలు మానేస్తాం. వాటి జాగాలో నాకు తెలియకుండానే వేరుశనగపప్పులు వచ్చి కూర్చున్నాయి. బడిలో ఒక గుప్పెడు, ఇంటికి రాగానే ఒక గుప్పెడు, కూరలో పల్లీల పొడి, రాత్రి ఇంకో గుప్పెడు. తూస్తే రోజుకి 100 గ్రాములు పైనే. వేరుశనగల్లో పిండిపదార్థం తక్కువే, కానీ 100 గ్రాములకి 560 కేలరీలు దాటతాయి. కొవ్వు గ్రాముకి 9 కేలరీలు కదా, పిండిపదార్థానికి రెట్టింపు కంటే ఎక్కువ.

ఈ ఆహారంలో కేలరీలు లెక్క చూసుకోనక్కర్లేదు అని చాలామంది చెప్పగా విన్నాను. నా విషయంలో అది నిజం కాలేదు. 2018లో అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 609 మందిని రెండు జట్లు చేసి ఏడాది పాటు చూశారు. పిండిపదార్థం తగ్గించినవాళ్ళు సగటున 6 కేజీలు తగ్గారు, కొవ్వు తగ్గించినవాళ్ళు 5.3 కేజీలు. రెంటికీ చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చారు. ఆ రెండింటిలో ఎవరు దేనితో ఎక్కువ కాలం ఉండగలరో వాళ్ళకది మంచిదని నేను అర్థం చేసుకున్నాను. నాకు అన్నం తగ్గితే ఆకలి తగ్గుతోంది, అందుకని ఇది నాకు కుదిరింది. మా చెల్లి కూరలు కొంచెం, అన్నం కొంచెం తింటూ రోజూ గంట నడిచి నాకంటే ముందే తగ్గింది. వేరుశనగల్ని 30 గ్రాములకి దించి, పనీరు పెంచాక నా తూకం మళ్ళీ కదిలింది.

పెళ్ళిళ్ళలో పెద్దగా ఇబ్బంది పడలేదు. బూరె ఒకటి తింటాను, పులిహోర వదిలేస్తాను, కూరలు అడిగి వేయించుకుంటాను. వడ్డించేవాళ్ళు ఎప్పుడూ కాదనలేదు.

జనవరి మొదటి వారంలో మళ్ళీ పరీక్షలు చేయించాను. బరువు 69.2, నడుం 88 సెంటీమీటర్లు. హెచ్‌బీఏ1సీ 5.6. ట్రైగ్లిజరైడ్లు 131. చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ మాత్రం 118 నుంచి 127కి కొంచెం పెరిగింది. కొంతమందికి అలా పెరుగుతుందట. నెయ్యి తగ్గించి, కొబ్బరి అప్పుడప్పుడే వాడి, మూడు నెలల్లో మళ్ళీ చూపించుకోమన్నారు. బీఎమ్‌ఐ ఇంకా 27.7 దగ్గరే ఉంది, 25 లోపుకి రావాలంటే మరో 7 కేజీలు తగ్గాలి. నెమ్మదిగానే వెళ్తాను.

సంక్రాంతికి ఇంట్లో అరిసెలు వండాం. భోగి నాడు ఒక అరిసె తిన్నాను, ఆ పూట అన్నం పెట్టుకోలేదు. పండగ సెలవులయ్యాక బడి తెరిచిన రోజు చుట్టాల్ని బస్సెక్కించి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. క్యారేజీ సర్దడానికి టైము లేదు. గుమ్మంలో అత్తయ్యగారు సంచి చేతికిచ్చి, “సర్దేశాను, నువ్వు పద,” అన్నారు. మధ్యాహ్నం స్టాఫ్ రూములో విప్పుతూ, అలవాటు కొద్దీ అడుగున పెద్ద గిన్నెలో అన్నం ఉంటుందనుకున్నాను. చిక్కుడుకాయ కూర ఉంది, గిన్నె నిండా, పైన రెండు ఉడికిన గుడ్లు సగానికి కోసి. మధ్య గిన్నెలో గుప్పెడు అన్నం. పైన పెరుగు. కూర నోట్లో పెట్టుకున్నాను. ఉప్పు కూడా నాకు సరిపడేంతే వేశారు.